అచ్చు తిరిగి పంపగలరు

ఆ ఉద్యోగం నాకు అక్కర్లేదని నా పేరుతో ఒక ఉత్తరం వెళ్ళిపోయి అప్పటికి ఆరు రోజులైంది, ఆ ఉత్తరం నేను రాయలేదు.

నేను వెతుకుతున్నది దాని కోసం కాదు. ఇంటర్వ్యూ అయిన మర్నాడు నేను పంపిన కృతజ్ఞతల మెయిల్ కోసం. శుక్రవారంలోపు ఏ సంగతీ చెబుతామన్నవాళ్ళు సోమవారం దాటినా పలకలేదు. ఆ పాత మెయిల్ కిందే రెండు ముక్కలు రాసి గుర్తుచేద్దామని మంగళవారం పదకొండింటికి షాపు కంప్యూటర్ ముందు కూర్చుని, పంపిన మెయిళ్ళన్నీ వరసగా చూస్తున్నాను. నాది కనబడింది. దాని పైన ఇంకొకటి ఉంది. అదే చిరునామాకి, బుధవారం ఉదయం ఎనిమిదీ పదికి.

"నమస్కారం. కుటుంబ కారణాల వల్ల నేను మీ ల్యాబ్‌లో చేరలేను. దయచేసి నన్ను ఎంపికలోంచి తప్పించండి. మీరు చూపిన ఆదరణకు కృతజ్ఞతలు. ఆ రోజు నేను చెక్కిన పన్ను, అచ్చుతో సహా తిరిగి పంపగలరు."

కింద నా పేరు.

మూడుసార్లు చదివాను. వెనక స్పిరిట్ దీపం మీద పెట్టిన కత్తి కాలి, మైనం మాడిన వాసన వచ్చేదాకా నాకు ఒళ్ళు తెలియలేదు.

మాది కట్టుడు పళ్ళు చేసే షాపు. పళ్ళ డాక్టర్లు నోటి కొలత పంపుతారు. అందులో ప్లాస్టరు పోసి దవడ అచ్చు తీస్తాం. అచ్చు మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు పేర్చి, పళ్ళ సెట్టు తయారుచేసి పంపుతాం. షాపులో ఇద్దరమే. నేను, మా మేనమామ. పదకొండేళ్ళ కిందట నాకు కత్తి పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆరేళ్ళుగా ఆయన కళ్ళ వెనక ఏదో పొర చచ్చిపోతోంది. ఆపరేషన్ చేసినా లాభం లేదన్నారు. ఎదురుగా ఉన్న మనిషి మొహం మధ్యలో మబ్బులా కనబడుతుందట. పాలిష్ మాత్రం ఇప్పటికీ వేలితో తడుముకుంటూ చేస్తాడు. మిగతా పనంతా నాది.

సీలు మాత్రం ఆయనది. ఉక్కు మేకు లాంటిది, కొసన సున్నా, సున్నాలో చుక్క. ప్రతి సెట్టుకీ లోపలి వైపు, ఎవరికీ కనబడని చోట దాన్ని నొక్కి పంపాలి. ఆరేళ్ళుగా నేను చేసిన పని మీద ఆయన గుర్తు నేనే నొక్కుతున్నాను.

ఆ పెద్ద ల్యాబ్‌లో అలా కాదు. ఇరవైమంది పనివాళ్ళు, ఒక్కొక్కరికీ ఒక నంబరు. చేసినవాళ్ళ నంబరే సెట్టు మీద పడుతుంది. డాక్టర్లు ఫోన్ చేసి, "ఇది పద్నాలుగో నంబరు చేత చేయించండి" అని అడుగుతారట. ఖాళీ అయింది పదిహేడో నంబరు. నలభై మూడేళ్ళు వచ్చాక నాకు కావాలనిపించింది అదొక్కటే.

మావయ్యకి చెప్పడానికి రెండు వారాలు భయపడ్డాను. చెబితే కోప్పడలేదు. "వెళ్ళు. కానీ నేను చెప్పినట్టు వెళ్ళు" అన్నాడు.

ఇక రోజూ రిహార్సల్. మోటారు ముందున్న స్టూలు మీద కూర్చుని, మూతికి కట్టుకున్న గుడ్డ కిందకి లాక్కుని, గొంతు సవరించుకుని మేనేజరైపోయేవాడు.

"లోపలికెలా వచ్చావో ఎవడికీ గుర్తుండదే. బయటికెలా వెళ్ళావో గుర్తుంటుంది. సరే, ఇంటర్వ్యూ అయిపోయింది. ఇంకేమన్నా చెప్పాలా అంటారు. ఏమంటావ్?"

"ఏం లేదండీ, థాంక్సండీ."

"అంటే పీడా వదిలిందన్నట్టుంది. మళ్ళీ."

"మీ సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలండీ. ఈ పని నాకు చెయ్యాలనుంది. మీ నిర్ణయం ఎప్పటికి తెలుస్తుందండీ?"

"ఆఁ. తర్వాత?"

"ఎవరితో మాట్లాడాలో పేరు అడుగుతాను."

"అడిగి?"

"లేస్తాను."

లేచాను. కుర్చీ కాలు నేలకి గీసుకుంది.

"చూశావా, కుర్చీ ఏడ్చింది. నువ్వెళ్ళాక కూడా ఆ ఏడుపే వాళ్ళ చెవిలో ఉంటుంది. మళ్ళీ లే."

అలా ముప్ఫైసార్లు లేపి కూర్చోబెట్టాడు. మర్నాడు మెయిల్ రాయాలన్నాడు, అందులో పొగడ్తలు వద్దన్నాడు, వాళ్ళు మాట్లాడిన విషయం ఒక్కటి గుర్తుచేసి ఆపెయ్యమన్నాడు. కన్నతండ్రి కూడా అంత శ్రద్ధగా చెప్పి ఉండడు అనుకున్నాను.

ఇంటర్వ్యూలో ముందు పన్ను ఒకటి లేని అచ్చు నా ముందు పెట్టి, నలభై నిమిషాల్లో ఆ పన్ను మైనంతో చెక్కమన్నారు. ముప్ఫై రెండు నిమిషాల్లో చెక్కాను. ప్రశ్నలడిగారు, చెప్పాను. చివర్లో నేర్చుకున్నట్టే కృతజ్ఞతలు చెప్పాను, ఎప్పటికి తెలుస్తుందో అడిగాను, కుర్చీ ఏడవకుండా లేచాను. తలుపు దాకా వెళ్ళాను. అక్కడ అలమారలో ఒక పై దవడ సెట్ కనబడింది. దాని లోపలి వైపు సున్నా, సున్నాలో చుక్క.

"ఇది బయటి షాపు పని" అంది మేనేజరు, నేను చూడటం చూసి. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు మెళ్ళో తాడుకి వేలాడుతుంటుంది. "ఒక డాక్టరు ఇలాంటిదే ఇంకోటి చేసిమ్మని ఇచ్చాడు. మావాళ్ళు మూడుసార్లు చేశారు, రాలేదు."

నేర్చుకున్న పాఠం ప్రకారం తలుపు తీసుకుని వెళ్ళిపోవాలి. నోరు ఆగలేదు.

"అది నేను చేసిందండీ."

"సీలు వేరే ఉందే."

"సీలు మా మావయ్యది. పని నాది. ఎడమ కోరపన్ను కొంచెం తిప్పి పెట్టాను చూడండి. ఆ సెట్టు పెట్టుకునే ఆవిడ పెళ్ళి ఫోటోలో అలాగే ఉంది. అందుకే మీవాళ్ళకి రాలేదు, వాళ్ళు తిన్నగా పెట్టి ఉంటారు."

మేనేజరు కళ్ళజోడు పెట్టుకుని ఆ సెట్టు చేతిలోకి తీసుకుంది. నేను బయటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం మావయ్యకి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. పన్ను ఎలా చెక్కానో చెప్పాను, కుర్చీ సంగతి చెప్పాను, ఇద్దరం నవ్వుకున్నాం. తలుపు దగ్గర మాట మాత్రం చెప్పలేదు. ఆయన మొహంలోకి చూసి చెప్పలేకపోయాను.

ఇదీ జరిగింది. ఇప్పుడు ఈ ఉత్తరం.

నా మెయిల్ రెండు చోట్ల తెరిచి ఉంటుంది. షాపు కంప్యూటర్లో, నా ఫోన్లో. ఎనిమిదీ పదికి షాపు తెరిచి ఉండదు, కాబట్టి ఫోనే. డాక్టర్ల నుంచి రోజుకి యాభై మెయిళ్ళొస్తాయని ఫోన్లో చప్పుడు ఆపేసి పెట్టుకున్నాను. ఆ ఫోన్ తెరవడం నా తర్వాత తెలిసింది ఒక్క మా ఆయనకే. పైగా ఉత్తరంలో కుటుంబ కారణాలని ఉంది. మా ఇంట్లో కుటుంబమంటే మేమిద్దరమే. ఇంటర్వ్యూ నుంచి వచ్చిన రోజున, "పోనూ రానూ రెండేసి బస్సులు. ఎందుకొచ్చిన గోల, వద్దని రాసెయ్" అన్నది కూడా ఆయనే.

మావయ్య కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. షాపు తలుపు దగ్గరికి లాగి బయల్దేరాను.

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఆ రోజు ఆరంతస్తుల భవనంలో పని. లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయి ఉంది. నాలుగో అంతస్తులో తలుపు తెరిచి అడ్డంగా తాడు కట్టారు. ఆయన లిఫ్టు పైకప్పు మీద నిలబడి ఉన్నాడు. నెత్తి మీద లైటు, మోకాళ్ళ నిండా గ్రీజు. మెట్ల మీద ఒక పెద్దావిడ సంచి పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏవండీ, ఒకసారి దిగండి."

"దిగడానికే రిపేరు చేస్తున్నా. ఏంటి, ఇక్కడికొచ్చావు?"

"బుధవారం పొద్దున్న నేను స్నానానికెళ్ళినప్పుడు నా ఫోన్ తీశారా?"

"నీ స్నానానికి, నా టిఫినుకి ఒకటే టైము. చేతులు ఖాళీ ఉండవు."

"నవ్వులాటకి రాలేదు. ఉద్యోగం వద్దని నా పేరుతో రాసింది మీరేనా?"

లైటు నా వైపు తిరిగింది. కళ్ళు చెదిరాయి.

"వద్దని రాశారా? ఎవరు?"

"రాసెయ్ అన్నది మీరేగా."

"అన్నాను. రోజుకి నూరంటాను. ఈ లిఫ్టుని కూడా పొద్దుట్నుంచి తగలబెడతానంటున్నాను. తగలబెట్టానా?"

"తగలబెట్టకు బాబూ, ముందు బాగుచెయ్యి" అంది మెట్ల మీది పెద్దావిడ. "మోకాళ్ళు పోతున్నాయి. మీ గొడవ ఇంటికెళ్ళి పడొచ్చుగా."

ఫోన్ తాడు మీదుగా అందించాను. చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని తీసుకున్నాడు. పెదాలు కదుపుతూ చదివాడు.

"కుటుంబ కారణాలు. అంటే నేనే. బాగానే ఇరికించారు." మళ్ళీ చదివాడు. "పన్నేంటి?"

"ఏ పన్ను?"

"ఇందులో ఉందిగా, నేను చెక్కిన పన్ను అని. అక్కడ నీ చేత పన్ను చెక్కించారా?"

"చెక్కించారు."

"నాకెప్పుడు చెప్పావు?"

"మీరడిగారా? ఏ బస్సు, ఎన్నింటికి, ఇంటికెప్పుడొస్తావు. అడిగిందంతా అదే."

"సరే, నాదే తప్పు. పన్ను సంగతి నాకు తెలీదు. తెలీని పన్ను నేనెలా తిరిగి పంపమంటాను?" ఫోన్ వెనక్కిచ్చాడు. గొంతులో వెటకారం పోయింది. "మరి ఎవరికి చెప్పావు?"

ఒకరికే చెప్పాను. వెనక్కి తిరిగాను.

"విను" అన్నాడు వెనక నుంచి. "ముందు నా దగ్గరికే వచ్చావు చూడు. అది గుర్తుంటుందిలే."

పెద్దావిడ సంచి జరిపి నాకు దారిచ్చింది. "తిన్నావామ్మా?" అని అడిగింది. తిన్నానని అబద్ధం చెప్పి దిగిపోయాను.

బస్సెక్కాను. షాపు వైపు పోయేది కాదు, ల్యాబ్ వైపు పోయేది. ఎవరు రాశారన్నది తర్వాత తేల్చుకోవచ్చు, ముందు ఉద్యోగం దక్కించుకోవాలని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, షాపుకి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు.

ఉత్తరం చివరి ముక్క తల్లో తిరుగుతూనే ఉంది. అచ్చు తిరిగి పంపగలరు.

మా పనిలో అచ్చు పోతే అన్నీ పోయినట్టే. సెట్టులో ఏ తేడా వచ్చినా, అచ్చుంటే దిద్దొచ్చు. లేకపోతే రోగిని పిలిచి మళ్ళీ నోట్లో కొలత తీయాలి. డాక్టర్లు పని కాగానే అచ్చు చెత్తబుట్టలో పారేస్తారు. అందుకని మావయ్య ముప్ఫై రెండేళ్ళుగా ఏ డాక్టరుకి ఏం రాసినా చివర ఆ ముక్క రాస్తాడు. ఇప్పటికీ కంప్యూటర్లో అక్షరాలు అరచేతంత పెద్దవి చేసుకుని, ముక్కు తెరకి ఆనించి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే రాస్తాడు. ఒకసారి ఒక డాక్టరు చనిపోతే ఆ ఇంటికి సంతాపం రాశాడు. వారి ఆత్మకి శాంతి కలగాలి, మీకు ధైర్యం కలగాలి, అచ్చు తిరిగి పంపగలరు. పంపేశాక చూసుకున్నాం. వారం రోజులు నవ్వాం. నిజంగానే వాళ్ళు పంపారు కూడా, నాలుగు అచ్చులు, అట్టపెట్టెలో పెట్టి.

బస్సులో పక్కనున్నామె నా వైపు చూసి జరిగి కూర్చుంది. బహుశా నేను పైకే ఏదో అనుకుంటున్నాను.

ల్యాబ్‌లో మేనేజరు గదికి ఒక వైపు అద్దం. అద్దంలోంచి పనివాళ్ళ బల్లలు కనబడతాయి. కిటికీ పక్క బల్ల దగ్గర, ఇంటర్వ్యూ రోజు ఖాళీగా ఉన్న కుర్చీలో ఒక కుర్రాడు కూర్చుని అచ్చు మీద మైనం పోస్తున్నాడు. బల్లకి పదిహేడు అని రాసిన రేకు. మైనం మరీ వేడి మీద పోస్తున్నాడు. అలా పోస్తే చల్లారాక కుంచించుకుపోతుంది.

"నిన్న చేరాడు" అంది మేనేజరు.

"నేను వద్దనలేదండీ."

"మెయిల్ మీ దగ్గర్నుంచే వచ్చిందమ్మా. చూస్తారా?"

"చూశానండీ. అది నేను రాయలేదు."

"మరెవరు రాశారు?"

చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే ఈవిడ నమ్మొచ్చు. నమ్మినా ఆ కుర్రాణ్ణి లేపదు. మావయ్య మాత్రం ఈ ఊళ్ళో ఉన్న ప్రతి డాక్టరు నోటా పడతాడు.

"తెలీదండీ" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి వదిలేసింది. అది గుండెల మీద ఊగింది.

"శుక్రవారం ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేదమ్మా. మీరు మనసు మార్చుకుంటారేమోనని నేనే శనివారం దాకా ఆపాను. జవాబులో రాశాను కూడా, శుక్రవారం సాయంత్రం దాకా ఎదురుచూస్తాం, ఫోన్ చెయ్యండని."

"జవాబు పంపారా?"

"బుధవారమే."

నాకు రాలేదు. అంటే నేను చూసేలోగా మాయమైంది. శుక్రవారం పొద్దున్నే నేను ఫోన్ చేస్తానన్నాను. మావయ్య పాలిష్ మోటారు ఆపి మరీ చెప్పాడు, "వెంటపడితే లోకువైపోతావే. సోమవారం దాటనీ" అని. నేను ఫోన్ పక్కన పెట్టేశాను. ఇంతవరకూ ఆయన చెప్పినవేవీ తప్పు కాలేదు కదా అనుకున్నాను.

"బాధగా ఉంది, నిజం చెబుతున్నా" అంది మేనేజరు. "మీరు తలుపు దగ్గర ఒక మాట చెప్పారు చూడండి, దానికే మీ పేరు మొదట రాశాను. పోయిన మంగళవారం మీ మావయ్యగారికి ఫోన్ చేసి రూఢి చేసుకున్నాను కూడా."

"ఆయనకి ఫోన్ చేశారా? ఏమన్నారు?"

"ముందు, ఏ దవడ అని అడిగారు. తర్వాత, అవును, ఆరేళ్ళుగా ప్రతి పన్నూ మా మేనకోడలే చేసింది, నేను సీలు మాత్రమే అన్నారు. ఆ మాట అందరూ ఒప్పుకోరు. పెద్దమనిషి."

నేను తలూపాను.

"మీరడిగిన అచ్చు గురువారమే మీ షాపుకి పంపించాం. అందిందా?"

"అందిందండీ" అన్నాను.

ఇక అక్కడ పని లేదు. "మీ సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలండీ" అన్నాను. "మళ్ళీ ఖాళీ వస్తే ఎవరితో మాట్లాడాలి?"

"వద్దని రాసినవాళ్ళని మా ఓనరు మళ్ళీ పిలవరమ్మా. ఆశ పెట్టడం నాకిష్టం లేదు."

లేచాను. కుర్చీ చప్పుడు కాలేదు. అంత బాధలోనూ కాళ్ళు, చేతులు ఆయన నేర్పినట్టే నడుచుకున్నాయి. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

నేను వచ్చేసరికి మావయ్య మోటారు ముందు కూర్చుని ఒక కింది దవడకి పాలిష్ పెడుతున్నాడు. తెల్లటి పొడి ముంజేతుల దాకా అంటుకుంది. అడుగుల చప్పుడుకే నేనని పోల్చుకున్నాడు.

"ఎక్కడికెళ్ళావే ఇంతసేపు? దీపం వెలుగుతూనే ఉంది, కత్తి మసైపోయింది. ఆ పై దవడ సాయంత్రానికి ఇవ్వాలి."

మోటారు స్విచ్ ఆపేశాను. చక్రం కాసేపు దానంతటదే తిరిగి ఆగింది.

ఆయన బల్లకి ఒకటే సొరుగు. పదకొండేళ్ళలో దాన్ని నేను ముట్టుకున్నది సీలు కోసమే. దాని మీద కప్పిన గుడ్డ ఎత్తి సీలు తీసుకోవడం, మళ్ళీ పెట్టడం. లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదు. సొరుగు మొత్తం బయటికి లాగాను. పాత కళ్ళజోళ్ళు, సీలు, వెనగ్గా ఒక అట్టపెట్టె. పెట్టె మీద ఆ ల్యాబ్ ముద్ర.

తెరిచాను. నా అచ్చు, అందులో నేను చెక్కిన పన్ను. నేను చెక్కినప్పుడు అంచు కత్తి కొసలా ఉంది. ఇప్పుడు లేదు. మైనం మీద వేలిముద్రలు. తడిమి తడిమి అంచు అరిగి నున్నబడిపోయింది.

దాన్ని ఆయన ముందు బల్ల మీద పెట్టాను. కర్ర మీద ప్లాస్టరు పెడితే ఒక చప్పుడవుతుంది, మా పనివాళ్ళెవరూ దాన్ని పొరబడరు. మావయ్య చేతిలో ఉన్న దవడ కింద పెట్టాడు. మూతికి కట్టుకున్న గుడ్డ విప్పాడు. నా మొహం ఉండాల్సిన చోటుకి కొంచెం పక్కగా చూస్తూ మొదలుపెట్టాడు.

"నేనే రాశాను. ఇంకెవర్నీ అడక్కు. మీ ఆయన్ని అడిగావా? అడిగే ఉంటావు. పాపం.

"పోయిన మంగళవారం నువ్వు సెట్టు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆవిడ ఫోన్ చేసింది. ఆ దవడ ఎవరు చేశారని అడిగింది. నేనేనని చెబుదామని నోరు తెరిచానే. నిజమే వచ్చింది. ఎందుకొచ్చిందో నాకిప్పటికీ తెలీదు. ఫోన్ పెట్టేశాక తెలిసింది, ముప్ఫై రెండేళ్ళ షాపుని నేను ఒక్క మాటతో పరాయి మనిషికి రాసిచ్చేశానని.

"నువ్వు నాకు అన్నీ చెప్పావు. కుర్చీ ఏడవలేదని కూడా చెప్పావు. తలుపు దగ్గర ఏమన్నావో చెప్పలేదు. చెప్పుంటే తిట్టి ఊరుకునేవాణ్ణేమో. ఏమో. ఊరుకునేవాణ్ణి కాదులే.

"నీకంత శ్రద్ధగా ఎందుకు నేర్పాననుకుంటున్నావు? నీకు రాదనుకున్నాను. నీ పని ఈ నాలుగు గోడలు దాటి ఎవరికి తెలుసు? వెళ్తుంది, వాళ్ళు వద్దంటారు, తిరిగొస్తుంది, ఆ సరదా తీరిపోతుంది, మావయ్య అడ్డుపడ్డాడన్న మాట రాదు. అదీ నా లెక్క. నువ్వు పాసైపోతావని నేనెక్కడ అనుకున్నాను?

"బుధవారం నీకంటే రెండు గంటలు ముందొచ్చాను. అక్షరాలు వెతుక్కుని రాయడానికే గంట పట్టింది. కుటుంబ కారణాలని రాశాను. అది అబద్ధం కాదుగా, నేను కుటుంబం కానా? వాళ్ళ జవాబు నువ్వు వచ్చేలోగా చెరిపేశాను. పంపింది కూడా అక్కడే ఉండిపోతుందని నాకు తెలీదు. ఉత్తరం కంటే పెద్ద తప్పు శుక్రవారం చేశాను. అప్పటికి నీకింకా దారుంది. నువ్వు ఫోన్ చేతిలోకి తీసుకుంటే ఆగమన్నాను. నువ్వు ఆగావు. నేను చెబితే ఆగుతావని నాకు తెలుసు.

"ఈ పన్ను చూద్దామనిపించింది. కళ్ళతో కాదు, అవెలాగూ లేవు. గురువారం నుంచి రోజూ వేలితో చూస్తున్నాను. ఎక్కడో ఒక చోట తప్పు దొరక్కపోతుందా, దొరికితే, ఇదింకా నేర్చుకోవాలి, నేనాపింది దాని మంచికే అనుకోవచ్చు కదా అని. దొరకలేదే. తడిమి తడిమి నేనే పాడుచేశాను.

"ఆ చివరి ముక్క రాయకపోతే నీకు అనుమానం వచ్చేది కాదు. కంటి డాక్టరు దగ్గర కూర్చుని ఉంటే ఇందాక తట్టింది. పన్ను చూడాలని రాశానో, అలవాటు కొద్దీ రాశానో, ఇప్పుడు నువ్వు కత్తి పెట్టి అడిగినా చెప్పలేను. అచ్చు అడక్కుండా ఉత్తరం ముగించడం నాకు రాదు."